కేకలూ ఓట్లూ



2020 డిసెంబరు 1న హైదరాబాదు మహానగర పాలక సంస్థకు ఎన్నికలు జరిగాయి. అక్టోబరు వరదల్లో ఇళ్ళు మునిగి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. అయినా టీవీ చర్చల్లో ఎక్కువగా వినిపించింది నాలాల మాట కాదు; పాతబస్తీ, మతం, దేశభక్తి. ఆ హోరు విన్నవారెవరైనా నగరమంతా బారులు తీరుతుందనుకుంటారు. ఓటు వేసింది సుమారు 46 శాతం మంది. అప్పట్లో మన గోపన్‌పల్లిలో చెత్త ఎత్తించిందీ, వీధి దీపం వెలిగించిందీ ఆ సంస్థే కదా!

జనం పక్షాన మాట్లాడే పత్రికలన్నీ చెడ్డవని నా భావం కాదు. 1974లో విశాఖపట్నంలో పుట్టిన 'ఈనాడు' 1982లో ఎన్.టి.రామారావుగారి కొత్త పార్టీకి బాహాటంగా అండగా నిలిచింది. తొమ్మిది నెలలు తిరిగేసరికి ఆయన ముఖ్యమంత్రి. రాజకీయాల గడప తొక్కనివారు కూడా ఆ సభలకు తరలివచ్చారు. మంచిదే, కాని ఆ ఉత్సాహమంతా ఒక్క మనిషి చుట్టూ తిరిగింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి వేరు. అక్షరాస్యతా తరగతుల్లో చదువు నేర్చిన ఆడవాళ్ళు ముందుగా తామే సారా కొట్టు మూయించారు. పత్రిక తర్వాత వచ్చి, ఆ కబురును ఊరూరా మోసింది. స్త్రీలు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993లో సారాను, 1995లో మద్యాన్నంతటినీ నిషేధించారు. 1997లో మద్యనిషేధాన్ని సడలించారు, అది మరో కథ. అక్కడ కోపం జనానిది, దాన్ని మోసింది పత్రిక. 2020లో కోపాన్ని తయారుచేసి మనకు వడ్డించారు. తిన్నవాడికి కడుపు నిండినట్టే ఉంటుంది. బూతుకు వెళ్ళడం దేనికి?

సెమినరీలో ప్లేటో చదివినప్పుడు ఒక పోలిక నన్ను ఆకట్టుకుంది. ఒకడు పెద్ద మృగాన్ని సాకుతూ, అది దేనికి గుర్రుమంటుందో, దేనికి శాంతిస్తుందో కనిపెట్టి, ఆ తెలివినే జ్ఞానమని పిలుస్తాడట. ప్రేక్షకుల లెక్కలు చూసుకునే వార్తా సంపాదకునికి ఇది కొత్త విద్య కాదు. ఫ్రాన్సిస్ పాపుగారు 2020 నాటి తమ విశ్వలేఖ 'ఫ్రతెల్లి తుత్తి'లో ప్రజల నాయకునికీ, ప్రజలను వాడుకొనే నాయకునికీ తేడా చూపించారు. పత్రికలకూ ఆ తేడా వర్తిస్తుందని నేననుకుంటాను.

మార్కు సువిశేషం 15వ అధ్యాయం ఈ వారం ఇంట్లో చదవండి. బరబ్బను విడిపించమని అడగడానికి గుంపును ఎవరు పురికొల్పారో అక్కడ స్పష్టంగా ఉంది. ఆ గుంపులో ఒక్కరి పేరూ లేదు. అదే అధ్యాయంలో, సిలువను దూరంనుండి చూస్తూ నిలిచిన స్త్రీల పేర్లు మాత్రం ఉన్నాయి.