గోడమీద పెట్టేసి పోతున్నారా?

రోడ్డు పక్కన ఓ గుడ్డ కుక్కపిల్ల పడి ఉంది. ఒక చెవి నమిలి నమిలి గట్టిపడిపోయింది. మీరైతే ఏం చేస్తారు? 'అయ్యో, ఏ పిల్లదో పాపం' అనుకుంటారు. తీసి దగ్గర్లోని పిట్టగోడమీద కూర్చోబెట్టి, బండి స్టార్ట్ చేస్తారు. మంచిపని చేశామన్న తృప్తి కూడా మిగులుతుంది. నన్నడిగితే అది సగం పనే. సాయంత్రం వాన పడితే ఆ సగం కూడా పోతుంది.

జాలిపడటం మనకు బాగానే వచ్చు. జాడ తీయడం దగ్గరే బద్ధకం. జాలికి జాడ తీయడం తోడైతే ఏమవుతుందో చూడాలంటే 2023 జనవరిలో సికింద్రాబాద్ నుంచి అగర్తల వెళ్లిన ఓ ప్రత్యేక రైలు సంగతి తెలుసుకోవాలి.

ఆ రైల్లో ఏడాదిన్నర దాటిన ఓ పసివాడు బొమ్మ ట్రక్కుతో ఆడుకుంటూ ప్రయాణం చేశాడు. దిగే హడావిడిలో తల్లిదండ్రులు ట్రక్కును బెర్తు దగ్గరే మరిచిపోయారు. తోటి ప్రయాణికుడు ఒక సైనికుడు. పిల్లాడికి ఆ బొమ్మంటే ఎంత ఇష్టమో దారిలో గమనించాడాయన. వాళ్ల పేరు, ఊరు, ఫోన్ నంబరు ఏవీ తెలియవు. అయినా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి సంగతి చెప్పాడు. న్యూ జల్పాయ్‌గురిలో సిబ్బంది ఆ ట్రక్కును తీసుకున్నారు. టికెట్ సికింద్రాబాద్ కౌంటర్లో కొన్నది కాబట్టి, అక్కడ నింపిన రిజర్వేషన్ ఫారం వెతికి పట్టుకుని కుటుంబం వివరాలు రాబట్టారు. పశ్చిమ బెంగాల్లోని ఉత్తర దినాజ్‌పూర్ జిల్లా. అక్కడి స్టేషన్ నుంచి సుమారు 20 కిలోమీటర్లు లోపలికి ఉన్న పల్లె. అక్కడిదాకా వెళ్లి ట్రక్కును పిల్లాడి చేతికిచ్చారు.

ఇక్కడ నాకు గట్టిగా తగిలిన మాట ఆ తండ్రిది. బొమ్మ మరిచిపోయామని వాళ్లకు తెలుసట. ఒక బొమ్మ కోసం ఎవరు ఇంత శ్రమ పడతారులే అని ఫిర్యాదే చేయలేదట! చూడండి, పోగొట్టుకున్నవాడు మన దాకా రాడు. ఫోనో పర్సో పోతే స్టేషన్‌కి పరిగెడతాడు గానీ, బొమ్మకైతే 'ఇంకోటి కొంటాలే, ఏడవకు' అని పిల్లాడికి నచ్చజెప్పి ఊరుకుంటాడు. కాబట్టి మొదటి అడుగు దొరికినవాడే వేయాలి.

ఇంకోటి కొంటే సరిపోదా? అన్నిసార్లూ సరిపోదు. డొనాల్డ్ వినికాట్ అనే బ్రిటిష్ పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు 1951లోనే దీనిమీద లోతుగా ఆలోచించాడు. అమ్మ ఒడి నుంచి బయటి ప్రపంచానికి నడిచే దారిలో పసివాళ్లు ఒక దుప్పటి ముక్కనో మెత్తటి బొమ్మనో తోడు తెచ్చుకుంటారని, దాని స్థానంలో మరొకటి ఇమడదని చెప్పాడు. దాని మురికి, వాసన కూడా ఆ పిల్లలకు కావలసినవేనట. అందుకే దొరికిన గుడ్డబొమ్మను సర్ఫులో నానబెట్టి, తళతళలాడించి ఇవ్వాలని చూడకండి. మట్టి దులపండి, చాలు.

ఇక పనిలోకి దిగుదాం. బండిమీద నుంచి జారిపడిన బొమ్మయితే, చూసుకున్న తల్లిదండ్రులు వెనక్కి వచ్చేది అదే దారిలో. కాబట్టి కాసేపు అక్కడే ఆగండి. వీలుకాకపోతే ఎదురుగా ఉన్న టీకొట్టులోనో కిరాణాకొట్టులోనో మీ నంబరిచ్చి, బొమ్మ మీ దగ్గరుందని చెప్పండి. అపార్ట్‌మెంట్ల మధ్యయితే వాచ్‌మన్‌ని, బడి దగ్గరైతే పిల్లల్ని దింపే ఆటో డ్రైవర్లని అడగండి. ఏ బొమ్మ ఏ పిల్లదో వీళ్లకు తెలిసినంతగా మన వాట్సాప్ గ్రూపులకు తెలియదు. బస్సులో దొరికితే కండక్టర్‌కి అప్పగిస్తూ ఏ స్టాపు దగ్గర, ఏ సీటు కింద దొరికిందో కూడా చెప్పండి. ఆ ముక్క లేకపోతే డిపోలో అదొక పాత బొమ్మ, అంతే.

గ్రూపులో ఫోటో పెట్టాల్సే వస్తే ఒక ఆనవాలు దాచుకోండి. నమిలిన చెవి కనబడకుండా తీసి, 'మీ కుక్కపిల్ల మీద ఏదైనా ఆనవాలు ఉందా?' అని అడగండి. పిల్లలు అందమైన ప్రతి బొమ్మనీ నాదే అంటారు. అది అబద్ధం కాదు, ఆశ! కానీ బొమ్మమీద పిల్లవాడి పేరో బడి పేరో రాసి ఉంటే మాత్రం దాన్ని నలుగురికీ చూపకండి. నేరుగా బడికే కబురు పెట్టండి.

'మనకెందుకొచ్చిన గొడవ' అనేవాళ్లకు ఒక చిన్న సమాచారం. దొరికిన వస్తువును చేతిలోకి తీసుకున్నాక మనకూ ఒక బాధ్యత ఉంటుందని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ చెబుతోంది. ఇతరుల సొమ్మును దగ్గర ఉంచుకున్నవాడు ఎంత జాగ్రత్తగా చూడాలో అంత జాగ్రత్తగా చూడాలి. బొమ్మయినా, బంగారమైనా ఆ బాధ్యత తప్పదు.

సొంతదారు దొరికారనుకోండి. బొమ్మ చేతిలో పడగానే పిల్ల మీ మొహం కూడా చూడకుండా లోపలికి పరిగెత్తవచ్చు. 'అంకుల్‌కి థ్యాంక్స్ చెప్పు' అని తల్లి వెనక్కి లాక్కొస్తుంటే వద్దనండి. సెల్ఫీ అసలే వద్దు.

నెలలు గడిచినా ఎవరూ రాలేదా? పక్కనున్న అంగన్‌వాడీలో ఇవ్వండి. ఇచ్చాక ఆ కిరాణాకొట్టుకు మళ్లీ ఒకసారి వెళ్లి, ఎవరైనా అడిగితే బొమ్మ ఎక్కడుందో చెప్పమని చెప్పి రండి.