పాకాల ఆయకట్టుకు వచ్చిన బిడ్డకు

నర్సంపేట,
హస్త కార్తె



పట్నం ఉద్యోగం వదిలి పాకాల చెరువు కింద పొలం చూసుకుంటానని నువ్వన్నప్పుడు ఇంట్లో అందరికన్నా ఎక్కువ సంబరపడ్డది మీ పెద్దబాపునైన నేనే. నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట మాత్రం నన్ను రాత్రంతా నిద్రపోనియ్యలేదు. “చెరువు నిండింది, వానలు అయిపోయినట్టే, ఇగ కోతలే” అన్నావు. ఆ ధీమా గురించే ఈ ఉత్తరం.

నైరుతి రుతుపవనాలు మామూలుగా అక్టోబర్ మధ్యకల్లా తెలంగాణ నుంచి వెళ్ళిపోతాయి. పొద్దున గడ్డి మీద మంచు, మధ్యాహ్నం చురుక్కుమనే ఎండ, గట్ల వెంట గునుగు పూలు. సద్దుల బతుకమ్మను సాగనంపి వచ్చినవాళ్ళకు వానాకాలం కూడా సాగిపోయిందనే అనిపిస్తుంది. కానీ బంగాళాఖాతంలో తుఫాన్లు ఎక్కువగా పుట్టే కాలం అప్పుడే మొదలవుతుంది. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఓరుగల్లు చెరువుల మీద పడే పెద్ద వానకు పుట్టిల్లు సముద్రం.

ఇంకో సంగతి ఉంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలపై వాతావరణ శాఖ ముందస్తు అంచనా ఇస్తుంది. అందులో ప్రధానంగా లెక్కలోకి వచ్చేది తమిళనాడు, కోస్తాంధ్ర, రాయలసీమ, కేరళ, దక్షిణ కర్ణాటక. తెలంగాణ ఆ జాబితాలో లేదు. అందుకని “ఈసారి సాధారణం”, “ఈసారి తక్కువ” అని టీవీలో విన్నది నీ పొలానికి అన్వయించుకోకు. మన దగ్గర అక్టోబర్, నవంబర్ నెలల లెక్కను ఒక్క వాయుగుండం ఒక్క రాత్రిలో తారుమారు చేస్తుంది.

2020 అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం ఆ రాత్రి హైదరాబాద్‌ను ముంచింది. అది చిత్త కార్తె. 2025లో మొంథా తుఫాను అక్టోబర్ 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. అక్కడి నుంచి వరంగల్‌కు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా మరునాటికి హన్మకొండ, వరంగల్ కాలనీల్లోకి నీళ్ళొచ్చాయి. డోర్నకల్ స్టేషన్లో పట్టాలు మునిగి రైళ్ళు ఆగిపోయాయి. భీమదేవరపల్లిలో 41 సెంటీమీటర్లు కురిసింది. ఒక సెంటీమీటర్ వాన అంటే ఎకరం మీద దాదాపు 40 వేల లీటర్ల నీళ్ళు. ఆ లెక్కన ఆ ఒక్కరోజే ఎకరానికి 16 లక్షల లీటర్లు దాటింది. అప్పుడు స్వాతి కార్తె నడుస్తోంది, కొన్ని మళ్ళలో వరి కోతకొచ్చింది, చెలకల్లో పత్తి తెల్లగా విచ్చి ఉంది.

ఆ మాటకొస్తే దీనికన్నా పెద్ద వాన ములుగు జిల్లా చూసింది. 2023 జూలైలో రామప్పకు దగ్గర్లోని లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 64.98 సెంటీమీటర్లు పడింది. అయితే జూలైలో చెరువులకు ఇంకా ఖాళీ ఉంటుంది, నేలకు దాహం ఉంటుంది. అక్టోబర్‌లో ఆ రెండూ ఉండవు. నిండిన చెరువు మీద పడ్డ వాన నిండుగానే మత్తడి మీదికి వస్తుంది. నువ్వు మురిసిపోతున్న ఆ నిండుదనమే నాకు భయం.

గణపతిదేవుడి కాలంలో జగదాల ముమ్మడి కట్టించిన పాకాల, రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప, గుట్టల నడుమ లక్నవరం, ఇవన్నీ ఎనిమిది వందల ఏళ్ళ నాటి చెరువులు. కాకతీయుల కాలపు గొలుసుకట్టులో పై చెరువు మత్తడి నీళ్ళు కింది చెరువులోకి దిగుతాయి. అంటే నీ పొలం మీద చినుకు పడకపోయినా ఎగువన పడ్డ వాన తెల్లారేసరికి నీ గట్టు దగ్గరుంటుంది. మున్నేరు పుట్టేది కూడా ఈ పాకాల దగ్గరే. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో ఇళ్ళలోకి చొచ్చుకొచ్చింది ఆ మున్నేరే.

కాబట్టి రోజూ రెండు సంగతులు కలిపి చూడు. ఒకటి, బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందా, ఉంటే ఎటు కదులుతోంది. రెండు, చెరువులో ఎన్ని అడుగుల నీరుంది. ఈ రెంటిలో ఏ ఒక్కటి చూసినా సగమే తెలుస్తుంది. హెచ్చరికల మాటలకు కంగారుపడకు, అర్థం తెలుసుకో: ఒకరోజులో 20 సెంటీమీటర్లు దాటితే దాన్ని అత్యంత భారీ వర్షం అంటారు. రెడ్ అలర్ట్ వచ్చాక మోటారు తెచ్చుకోవడానికని పొలానికి పోవద్దు.

వాన వెలిసినాక చెరువు నీళ్ళు చూసే నీరటిని వెంటబెట్టుకొని కట్ట దిగువన నడువు, పైన కాదు. గడ్డి పచ్చగా, మెత్తగా ఉన్నచోట కూర్చొని కారుతున్న నీటిని దోసిట్లోకి తీసుకో. నీళ్ళు తేటగా ఉంటే గుర్తుపెట్టుకొని సాయంత్రం మళ్ళీ చూడు. బురదగా వచ్చి, వేళ్ళ సందుల్లో మన్ను మిగిలితే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టు. బుంగ అట్లనే మొదలవుతుంది, చూస్తుండగా గండి అవుతుంది. ఆ క్షణమే ఊళ్ళో చెప్పాలి, నీటిపారుదల శాఖ వాళ్ళకు ఫోన్ చెయ్యాలి. కట్ట మీద చెట్లు మొలిచాయని ఎవరన్నా మురిసిపోతే ఒప్పుకోకు. వేరు కుళ్ళినచోట నీటికి దారి దొరుకుతుంది.

పంట సంగతి. తుఫాను వస్తుందని తెలిస్తే విచ్చిన పత్తి ముందే ఏరించు, కానీ తడి పత్తి తెచ్చి కుప్ప పోయకు. 12 శాతం తేమ దాటితే భారత పత్తి సంస్థ సీసీఐ కొనదు. నేను ఒక ఏడాది వాన వెలిసిన మరునాడే తొందరపడి ఏరించి ఎనుమాముల మార్కెట్‌కు తోలాను. రంగు మారిన ఆ పత్తికి వచ్చిన ధర కూలీలకు కూడా సరిపోలేదు. వడ్లకు హద్దు 17 శాతం. మీటరు అందకపోతే గింజను పంటి కింద పెట్టు, టక్కున విరగాలి, నలిగితే ఇంకా ఎండాలి. వరి పడిపోయి వెన్ను నీళ్ళలో నానుతుంటే ముందు నీళ్ళు తీసెయ్యి. తర్వాత లీటరుకు 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి వెన్నుల మీద పిచికారీ చేస్తే మొలక ఆగుతుంది. వరి కోసే చైన్ మిషన్‌కు ఇప్పుడే మాట తీసుకో, బురదలో టైర్ల మిషన్ దిగదు.

నవంబర్ దాటితే భయం వేరు, అది చలి. యాసంగి నారుమడి పసుపు పచ్చగా మారితే నత్రజని లోపమని తొందరపడకు. రాత్రి పాలిథిన్ కప్పి పొద్దున తీసెయ్యి. మడిలో రాత్రి చల్లబడ్డ నీరు తీసి బోరు నీరు పెట్టు. ఎన్ని ఎకరాలు నాటాలన్నది మాత్రం కార్తీక పున్నమికి తూము దగ్గర ఎంత నీరుందో చూశాకే తేల్చు.

ఈ ఆదివారం నేను పాకాలకు వస్తున్నాను. అంతలోపు కల్లం కాడికి టార్పాలిన్లు చేర్చిపెట్టు. రోజూ పొద్దున చెరువు నీటిమట్టం నోటుబుక్కులో రాయి. అడుగులతో సరిపెట్టకు, అంగుళాలు కూడా రాయి.

మీ పెద్దబాపు