మాట చివర చూడమనండి

బిడ్డ ఇంగ్లీషు పుస్తకం తెరవగానే "మాకు రాదు బిడ్డా, మీ సార్‌నే అడుగు" అని పక్కకు తప్పుకునే అమ్మానాన్నలు భిక్నూర్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్నారు. 2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో అచ్చేసిన పుస్తకాలు పిల్లల చేతికందాయి. తెలుగు పేజీ మీరు చదివి చెప్పగలరు. ఇంగ్లీషు పేజీ దగ్గర కూడా మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. కొత్త మాట ఎదురైనప్పుడు దాని చివర ఏముందో చూడమనండి.

తిండిపోతు, తాగుబోతు, వాగుడుబోతు... ఇవన్నీ మనం విడివిడిగా నేర్చుకోలేదు. చివరి ముక్క తెలుసు కాబట్టే, రేపెవరైనా 'సెల్లుబోతు' అన్నా వెంటనే తెలిసిపోతుంది. మంచితనం, పెద్దతనం, పిసినారితనం కూడా అంతే. ఇంగ్లీషులో వేల మాటలు ఇదే పద్ధతిలో పుట్టాయి. మీ బిడ్డకు తెలుగులో ఈ తెలివి ఇప్పటికే ఉంది. దాన్ని గుర్తుచేస్తే చాలు.

మీకు తెలిసిన మాటలతోనే మొదలుపెట్టండి. ఎలక్షన్, సెలెక్షన్, ఆపరేషన్, రిజిస్ట్రేషన్ అనని ఇల్లు లేదు. వీటి చివర టి-ఐ-ఓ-ఎన్ ఉంటుంది. ఎలెక్ట్ అంటే ఎన్నుకోవడం, ఎలక్షన్ అంటే ఎన్నిక. పని చెప్పే మాటకు ఆ ముక్క చేరితే ఆ పనికి పేరు వస్తుంది. 44వ నంబరు హైవే మీద 'డైవర్షన్' బోర్డు కనిపిస్తే చూపించండి. అక్కడ టి బదులు ఎస్ ఉంటుంది, పని మాత్రం అదే. డైవర్ట్ అంటే మళ్లించడం, డైవర్షన్ అంటే దారి మళ్లింపు.

వ్యవసాయం చేసే ఇంట్లో ఇంకో గుంపు దొరుకుతుంది. ఇన్‌సెక్టిసైడ్, ఫంగిసైడ్, హెర్బిసైడ్. చివరి 'సైడ్' లాటిన్ నుంచి వచ్చింది, చంపేది అని అర్థం. ముందు ముక్క దేన్ని చంపుతుందో చెబుతుంది. ఇన్‌సెక్ట్ అంటే పురుగు కాబట్టి మొదటిది పురుగుమందు. ఫంగస్ వల్ల వచ్చే తెగుళ్లకు రెండోది. హెర్బ్ అంటే మొక్క కాబట్టి మూడోది గడ్డిమందు. ఒకదానికి బదులు ఇంకోటి కొడితే పంటే పోతుంది. అందుకే ఇది పరీక్షకే కాదు, చేనుకూ పనికొచ్చే చదువు. అయితే మందు డబ్బాను పిల్లల చేతికి ఇవ్వకండి. దుకాణం బిల్లు మీది పేరు చదివిస్తే సరిపోతుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఇన్‌సైడ్, ఔట్‌సైడ్ కూడా చెవికి అలాగే వినిపిస్తాయి. కానీ వాటి చివర ఎస్-ఐ-డి-ఇ ఉంటుంది, మందుల పేర్ల చివర సి-ఐ-డి-ఇ. వాటికీ వీటికీ చుట్టరికం లేదు. కాబట్టి మాటను వినిపించి వదిలేయకుండా అక్షరాలు చూసి రాయమనండి.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు బోర్డులు చదివించండి. కార్డియాలజీ గుండెకు, న్యూరాలజీ నరాలకు, డెర్మటాలజీ చర్మానికి సంబంధించినవి. 'లజీ' అంటే శాస్త్రం. పై తరగతుల్లో బయాలజీ, జువాలజీ, జియాలజీ వచ్చినప్పుడు ఆ మాటలు కొత్తగా అనిపించవు. చీటీ మీద టాన్సిలైటిస్, హెపటైటిస్, ఆర్థరైటిస్ అని ఉంటే 'ఐటిస్' అంటే వాపు అని చెప్పండి. టాన్సిల్స్‌కు, కాలేయానికి, కీళ్లకు వచ్చే వాపులు అవి.

ప్రతి మాటా ఈ లెక్కకు లొంగదు. టీచ్ చేసేవారు టీచర్, డ్రైవ్ చేసేవారు డ్రైవర్. కానీ కార్న్ అంటే మక్కజొన్న అయినంత మాత్రాన కార్నర్ అంటే మక్క పండించే రైతు కాదు, మూల. బిడ్డ ఇలా పొరబడితే నవ్వకండి. ఆలోచించింది కాబట్టే ఆ తప్పు చేసింది. "బాగానే ఊహించినవ్, ఇప్పుడు డిక్షనరీ చూద్దాం" అనండి. ఊహించడం, తర్వాత సరిచూసుకోవడం, ఈ రెండూ అలవాటు కావాలి.

ఇంకో మాట మనసులో పెట్టుకోండి. 'లెస్' అంటే లేనిది, 'ఫుల్' అంటే నిండినది. యూజ్‌లెస్, యూజ్‌ఫుల్ ఇలా పుట్టినవే. కోపంలో బిడ్డను 'యూజ్‌లెస్' అనే అలవాటు ఉంటే దయచేసి మానుకోండి. అర్థం తెలిసిన బిడ్డకు అది ఇంకా లోతుగా గుచ్చుకుంటుంది. అదే 'లెస్'తో ఫియర్‌లెస్ అనే మంచి మాట ఉంది, భయం లేనివారు అని. బిడ్డ గురించి చెప్పడానికి దాన్ని వాడండి.

జాబితాలు కంఠస్థం చేయించవద్దు. వారానికి ఒక ముక్క చాలు. దాంతో ముగిసే మాటలు పుస్తకంలో, గోడల మీద, బస్సుల మీద వెతికి ఒక నోటుబుక్కులో రాసుకోనివ్వండి. రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు కూర్చుని "ఇందులో ముందు ముక్క ఏమిటి, చివరిది ఏమిటి" అని అడిగి, అర్థం తెలుగులో చెప్పించుకోండి. తెలుగులో చెప్పగలిగితేనే నిజంగా అర్థమైనట్టు. తేలనివి ఒక పక్కన రాసిపెట్టి, మర్నాడు టీచర్‌ను అడగమనండి.

భిక్నూర్‌లోనే తెలంగాణ విశ్వవిద్యాలయం సౌత్ క్యాంపస్ ఉంది. అక్కడిదాకా చదవాలంటే తెలియని మాట ముందు ఆగిపోకుండా దాన్ని విప్పి చూసే ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఇవ్వడానికి మీకు ఇంగ్లీషు వచ్చి ఉండనక్కర్లేదు. ఓపిగ్గా పక్కన కూర్చుని, ఒక్క ప్రశ్న అడగండి.