మృదుధ్వనులు – మనశ్శాంతి

పరీక్షల దినములలో నిద్ర పట్టక, సెల్‌ఫోనులో గుసగుసల వీడియోలు వినుచు పరుండు విద్యార్థులు మన తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములందును కలరు. ఇది మేలా, కీడా యని తల్లిదండ్రులు మమ్ము అడుగుచున్నారు. కావున ఈ విషయమును పాఠముగా వివరింపదలచితిమి.

ఈ వీడియోలలో ఒకరు మైకు చెంత మెల్లగా మాటలాడుదురు, కాగితము మడచుదురు, దువ్వెన పండ్లపై వ్రేలు పోనిత్తురు, చెక్కపెట్టెపై గోటితో తట్టుదురు. వినువారిలో కొందఱికి నడినెత్తిన మొదలై మెడ మీదుగా వెన్నువఱకు హాయియగు జలదరింపు ప్రాకును. ఈ అనుభవమునకు 2010లో జెనిఫర్ అలెన్ అను అమెరికా వనిత పేరిడెను. దానినే సంగ్రహముగా ఏ.ఎస్.ఎమ్.ఆర్. అందురు.

శాస్త్రజ్ఞులును దీనిని పరిశీలించిరి. 2015లో బ్రిటనునందు బారట్, డేవిస్ అను ఇరువురు ఈ అనుభవము గల 475 మందిని ప్రశ్నింపగా, నూటికి 82 మంది దీనిని నిద్రకు సాయముగా వాడుకొనుచున్నామనిరి. 2018లో షెఫీల్డు విశ్వవిద్యాలయమువారి పరిశోధనలో, ఈ హాయిని పొందువారి గుండె వేగము నిమిషమునకు సుమారు మూడు స్పందనలు తగ్గెను. అయితే ఈ అనుభవము అందఱికిని కలుగదు. కొందఱికి ఆ చప్పుళ్లే విసుగు పుట్టించును. అది లోపము కాదు.

మృదుధ్వనితో మనస్సును ఊఱడించుట మనకు క్రొత్త కాదు. జోలపాట యన నదియే. తమిళులు దానిని తాలాట్టు అందురు. పసిబిడ్డ పాట యర్థము నెఱుంగదు; అయినను నిదురించును. స్వరము మెల్లన, లయ సమము, గొంతు పరిచితము – ఈ మూడును కారణములు. చేటలో బియ్యము చెఱుగు చప్పుడును, కవ్వపు సవ్వడియు అట్టివే. గుసగుస, గలగల, జలజల, సరసర మున్నగు ధ్వన్యనుకరణ శబ్దములు మన భాషలో ఎన్నియో కలవు.

వీడియోలు వినువారు పాటింపవలసినవి:

1. ధ్వని తక్కువగా నుండవలెను. పిల్లలు వారమునకు 40 గంటలు వినినచో 75 డెసిబెల్లులు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

2. ఫోను తెఱను బోర్లించి వినవలెను. వెలుగు నిద్రను చెఱచును.

3. నిద్రలేమి వారముల తరబడి వీడనిచో వైద్యుని దర్శింపవలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న నాటి మదరాసు రాష్ట్రమున చేరినది. వీధిలో తమిళము, ఫోనులో ఇంగ్లీషు వినవచ్చు బిడ్డకు తెలుగు వినిపింపవలసిన చోటు ముఖ్యముగా ఇల్లే. రాత్రి పది నిమిషములు ఫోను ప్రక్కన నుంచి, మీ గొంతుతో మెల్లగా ఒక కథ చెప్పుడు. బిడ్డకు నిద్రయు వచ్చును, భాషయు నిలుచును.

అభ్యాసము: మీ ఇంట వినవచ్చు చప్పుళ్లను గమనించి, పది ధ్వన్యనుకరణ శబ్దములను సొంతవాక్యములలో ప్రయోగింపుడు. తెలియని వానిని అవ్వను, తాతను అడిగి తెలిసికొనుడు.