కటింగ్ ముక్కల నుంచి గాలిచక్రం బొంత

పెళ్లి ముహూర్తాలు ఉన్నన్నాళ్లు ఆత్మకూర్‌లో మిషన్ పెట్టుకున్న ఏ అక్కకూ తల ఎత్తే తీరిక ఉండదు. గద్వాల చీరల మీదికి జాకెట్లు, నారాయణపేట చీరలకు ఫాల్స్, పిల్లలకు లంగాలు. ఆషాఢం రాగానే చేతిలో పని ఆగిపోతుంది. బడులు తెరిచేటప్పుడు కొందరికి యూనిఫాంల కుట్టుపని దొరికినా అది కొన్ని వారాల ముచ్చటే. ఆ ఖాళీలో చేయదగ్గ పనికి సరుకు మిషన్ కిందే సంచిలో ఉంటుంది: ఏడాదంతా పోగైన కటింగ్ ముక్కలు. వాటితో బొంత కుట్టి అమ్మవచ్చు. అయితే దానికి ధర రావాలంటే ముక్కలు లెక్క ప్రకారం కలవాలి. ఆ లెక్క చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బొంత మనకు కొత్త కాదు. పాత చీరలు పొరలుగా పరిచి, పొడుగు కుట్లు వేసి, చిరిగిన చోట అతుకు పెట్టిన బొంత మీద పడుకోని ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు. కృష్ణ దాటి కర్ణాటకలోకి పోతే దీన్నే కౌది అంటారు. ఉత్తర కన్నడ అడవుల్లోని సిద్దీ ఆడవాళ్లు కవంద్ పేరుతో రంగురంగుల అతుకులతో కుడతారు. త్రికోణాల విషయానికొస్తే, మన తండాల్లోని లంబాడీ ఆడవాళ్ల చేతిపని చూడండి. పేటియా (లంగా) మీద, సంచుల అంచుల మీద వరసగా నిలిచే చిన్న చిన్న త్రికోణాలు వాళ్లకు తరాల నుంచి వస్తున్న విద్య. బళ్లారి వైపు సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జూలైలో హంపీలో జీ20 సమావేశం జరిగినప్పుడు అక్కడి ఆడవాళ్లు చేసిన 1,755 వస్తువులను ప్రదర్శనకు పెడితే గిన్నిస్ రికార్డుకు ఎక్కాయి. చేతిపనికి చూసే కళ్లు, కొనే చేతులు ఉన్నాయి.

ఇక పనిలోకి వద్దాం. మొదటిసారి చేసేవాళ్లు మంచానికి సరిపడే బొంత జోలికి పోవద్దు. పసిపిల్లల బొంత, 32 ఇంచుల వెడల్పు, 40 ఇంచుల పొడవు, మొదలుపెట్టడానికి సరైన కొలత. ఎనిమిదించుల గడులు అడ్డంగా నాలుగు, నిలువుగా ఐదు, మొత్తం ఇరవై. ఒక్కో గడిలో రెండు రంగుల త్రికోణాలను జోడించిన చదరాలు నాలుగుంటాయి. నాలుగింటినీ ఒకదాని పక్కన ఒకటి పావు చుట్టు తిప్పి పెడితే పిల్లలు పరుగెత్తుతూ తిప్పే గాలిచక్రం కనిపిస్తుంది.

జాకెట్లు కుట్టేవాళ్లకు క్రాస్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. క్రాస్ కటింగ్ జాకెట్ ఒంటికి అమరేది ఏటవాలుగా కత్తిరించిన బట్ట సాగుతుంది కాబట్టి. జాకెట్‌కు మేలు చేసే ఆ సాగుడే ఇక్కడ కొంప ముంచుతుంది. చదరపు ముక్కను మూల నుంచి మూలకు కత్తిరించారంటే ఆ పొడుగు అంచంతా క్రాసే. పట్టుకుంటే సాగుతుంది, మిషన్ పళ్ల మీద సాగుతుంది, ఇస్త్రీ పెట్టె కింద ఇంకా సాగుతుంది. విడి త్రికోణాలు కోసి జత చేసినవాళ్ల గడులు ఉబ్బి, మూలలు కలవక, చివరికి బొంత పక్క మీద పరిస్తే గిన్నెలా లేచి నిలబడేది అందుకే. దీనికి మందు ఒకటే: ముందు కుట్టు, తర్వాత కత్తెర.

ఐదించుల చదరాలు రెండు తీసుకోండి, ఒకటి లేత రంగు, ఒకటి ముదురు. సీదా వైపులు ఎదురెదురుగా పెట్టండి. పైన ఉన్న లేత ముక్క ఉల్టా వైపు మూల నుంచి మూలకు చాక్‌తో సన్నగా గీత గీయండి. గీతకు అటు పావు ఇంచు, ఇటు పావు ఇంచు దూరంలో రెండు కుట్లు వేయండి. అప్పుడు గీత మీద కత్తిరించండి. విప్పితే సగం లేత, సగం ముదురు చదరాలు రెండు వస్తాయి. క్రాస్ అంచు ఒక్క క్షణం కూడా విడిగా ఉండలేదు, అప్పటికే కుట్టు దాన్ని పట్టేసింది. ఇలాంటి జతలు నలభై కావాలి. దారం తెంపకుండా ఒకదాని వెనక ఒకటి మిషన్‌లోకి పెడుతూ పోతే పని వేగంగా సాగుతుంది, దారం కూడా మిగులుతుంది.

మడతను ముదురు రంగు వైపు తిప్పి ఇస్త్రీ చేయండి. ఇస్త్రీ పెట్టెను లాగొద్దు. పెట్టి, ఎత్తి, పక్కన పెట్టాలి. ఇప్పుడు ముక్క నాలుగున్నర ఇంచుల కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. ఆ ఎక్కువ కావాలనే ఉంచుకున్నాం. కాగితాలు పెట్టుకునే ప్లాస్టిక్ ఫైలు కవరును సరిగ్గా నాలుగున్నర ఇంచుల చదరంగా కోసి, దాని మీద మూల నుంచి మూలకు మార్కర్‌తో గీత పెట్టుకోండి. ఆ గీతను ముక్క మీది ఏటవాలు కుట్టు మీద ఆనించి చుట్టూ మిగిలింది కోసేయండి. మూలల్లో తోకల్లా పొడుచుకొచ్చిన బట్ట కూడా దీంతోనే పోతుంది. ఈ అడుగు విసుగు పుట్టిస్తుంది నిజమే, కానీ దీన్ని వదిలేసినవాళ్ల బొంతను నేను దూరం నుంచే గుర్తుపడతాను.

పావు ఇంచు అనగానే చాలామంది ఫుట్ అంచును నమ్ముకుంటారు. అన్ని మిషన్లకూ అది ఒకేలా ఉండదు. ఒకటిన్నర ఇంచుల పట్టీలు మూడు కోసి, పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య పట్టీని టేపుతో కొలవండి. సరిగ్గా ఇంచు ఉంటే మీ మార్జిన్ సరైనదే. తక్కువుంటే బట్ట ఎక్కువ లోపలికి పోతోందని అర్థం. సూది నుంచి పావు ఇంచు దూరంలో మిషన్ పలక మీద ఇన్సులేషన్ టేపు రెండు మూడు పొరలు అంటిస్తే బట్ట అంచు దానికి ఆనుకుని నడుస్తుంది. ఇంత పట్టింపు ఎందుకంటే, బొంత వెడల్పులో ఎనిమిది ముక్కలుంటాయి, వాటి మధ్య ఏడు కుట్లు. ఒక్కో కుట్టు దగ్గర ఒక నూలు, అంటే ఇంచులో ఎనిమిదో వంతు తేడా వచ్చినా ఏడింటికీ కలిపి దాదాపు ఇంచు. ఒక వరస ఇంచు పొట్టి, పక్క వరస సరిగ్గా ఉంటే వాటిని ఎంత లాగినా కలపలేరు.

గడిలోని నాలుగు ముక్కలను ముందు రెండు జతలుగా, తర్వాత జతను జతతో కుట్టండి. పై జత మడత ఒక వైపుకు, కింది జత మడత ఇంకో వైపుకు తిప్పితే మధ్యలో రెండూ ఒకదానికొకటి ఆనుకుని జారకుండా కూర్చుంటాయి. వేలితో తడిమితే తెలుస్తుంది. అక్కడొక గుండుసూది గుచ్చి కుట్టండి. పూర్తయిన గడి ఎనిమిదిన్నర ఇంచులుండాలి. చుట్టూ పావు ఇంచు ఎక్కువగా ఉంటుంది. పొరపాటేమోనని ఆ పావు ఇంచు కోసేయొద్దు, పక్క గడితో కలిపేటప్పుడు పోయే బట్ట అదే.

ముక్కల ఎంపికలో మొహమాటం వద్దు. కాటన్, టూ బై టూ, పాప్లిన్ మాత్రమే తీసుకోండి. గద్వాల జాకెట్ల పట్టు ముక్కలు ఎంత అందంగా ఉన్నా కాటన్‌తో కలపొద్దు. ఉతికితే రెండూ ఒకేలా ముడుచుకోవు, జరీ పసివాళ్ల చర్మానికి గుచ్చుకుంటుంది. అవి గలీబులకు దాచుకోండి. జార్జెట్, సింథటిక్ వద్దే వద్దు. లంబాడీ పనిలోని అద్దాలు గోడకు వేలాడదీసేవాటికి బాగుంటాయి, పిల్లల పక్కకు కాదు. ముదురు ఎరుపు, నీలం ముక్కలను ముందే నీళ్లలో నానబెట్టి, రంగు దిగడం ఆగాకే వాడండి. లేత రంగుకు కొత్త లైనింగ్ బట్ట కొన్నా ఖర్చు తక్కువే: పన్నా 44 ఇంచులుంటే ఐదించుల పట్టీకి ఎనిమిది చదరాలు, నలభైకి ఐదు పట్టీలు, ముప్పావు మీటరు సరిపోతుంది. ఇంకో మాట. జాకెట్‌కు ఇచ్చిన గుడ్డలో పనికొచ్చేంత ముక్క మిగిలితే అది ఇచ్చినవాళ్లది. అడిగి తీసుకోండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ, చెప్పకుండా వాడుకున్నారని తెలిస్తే మళ్లీ వచ్చేవాళ్లూ తక్కువే.

లోపలి పొరకు పాత కాటన్ చీరను మించింది లేదు. ఆరు గజాల చీరను ఐదు మడతలు పెడితే ఒక్కోటి 43 ఇంచులొస్తుంది, ఈ కొలతకు చాలు. చేతితో కుట్టేట్టయితే ఐదు పొరలూ ఉంచండి, మిషన్ మీదయితే మూడు చాలు. అంతకు మించితే పై పొర ముందుకు జారి ముడతలు పడుతుంది. ముందు బొంతంతా పెద్ద టాకాలు వేయండి. తర్వాత మధ్య నుంచి అంచులకు కుట్టుకుంటూ రండి, అంచుల నుంచి మధ్యకు వస్తే గాలి పట్టినట్టు ఉబ్బుతుంది.

ధర దగ్గరే మన ఆడవాళ్లు నష్టపోతున్నారు. ముక్కలు ఊరికే వచ్చాయి కదా అని కూలి కూడా ఊరికే వదిలేస్తారు. సాదా జాకెట్‌కు మీరు తీసుకునే కూలిని దానికి పట్టే గంటలతో భాగించండి. అది మీ గంట విలువ. ఉదాహరణకు గంటకు వంద అనుకుంటే, పద్నాలుగు గంటలు పట్టిన బొంతకు కూలే పద్నాలుగు వందలు. దారం, లైనింగ్, అంచు పట్టీ దాని మీద. మొదటి గడికి పట్టిన సమయం రాసి పెట్టుకోండి, మిగతాదంతా దాన్నిబట్టే తేలుతుంది. ఈ ధర చెబితే బజారులో మిషన్ దుప్పట్లతో పోల్చి బేరమాడతారు. అందుకే బజారులో అమ్మొద్దని నా సలహా. తొట్టెల ఫంక్షన్ చేసే ఇళ్లను పట్టుకోండి. అమ్మమ్మ కట్టిన చీర తెస్తే దాన్నే లోపల పొరగా వేసి ఇస్తామని చెప్పండి. అలాంటి బొంత ఏ దుకాణంలోనూ దొరకదు. దీపావళి దాటాక కురుమూర్తి జాతరకు జనం కదిలే రోజుల్లో చలి మొదలవుతుంది. అప్పటికి రెండు మూడు బొంతలు తయారుగా ఉంటే చూపించి ఆర్డర్లు తీసుకోవచ్చు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి ఆడవాళ్లు పొలం పనికి వేసుకున్న పాత బట్టలతో బొంతలు కుట్టుకునేవాళ్లు. 2002లో హ్యూస్టన్ మ్యూజియం వాటిని గోడలకు పెట్టింది, 2006లో అక్కడి తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు తెచ్చింది. వాళ్ల గీతలు వంకరగా ఉంటాయి, ఆ వంకరే వాటి అందం. మరి మనకెందుకీ కొలతలని అడగొచ్చు. చేయి తిరిగాక కావాలని వంచడం వేరు, క్రాస్ సాగి వంగిపోవడం వేరు. కొనేవాళ్ల కంటికి ఆ తేడా తెలుస్తుంది.

మిషన్ మార్చుకోవాలనుకునేవాళ్లు 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం గురించి కామన్ సర్వీస్ సెంటర్‌లో అడగండి. అందులోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. పనిముట్లకు రూ.15,000 వరకు సాయం, పూచీకత్తు లేకుండా 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష రూపాయల వరకు రుణం ఉన్నాయి. ఇంటికి ఒకరికే వర్తిస్తుంది. అయితే ఈ పనికి కొత్త మిషన్ తప్పనిసరి కాదు. పాత నల్ల మిషన్‌కు 14 నంబరు సూది కొత్తది వేసి, ఇంచుకు పది పన్నెండు కుట్లు పడేట్టు పెట్టుకుంటే చాలు.

బొంత ఇచ్చేటప్పుడు చిన్న కాగితం మీద మీ ఫోన్ నంబరుతో పాటు ఇది కూడా రాయండి: మొదటి ఉతుకు విడిగా, చల్లనీళ్లలో, పిండి మెలిపెట్టకుండా నీడలో పరిచి ఆరబెట్టాలి.