నెయ్యి లెక్క రాయండి, టేపు లెక్క వదిలేయండి

మామిడికుదురు, నగరం, పాశర్లపూడి వైపు తల్లిదండ్రులు ఈమధ్య తరచూ అడిగే ప్రశ్న ఇది: "మావాడు ఆన్‌లైన్ బిజినెస్ చేస్తానంటున్నాడండీ, హైదరాబాద్‌లో కోర్సుందట, చేర్పించమంటారా?" ఆ వెంటనే, పిల్లవాడు పక్కనే కూర్చుని వింటుండగా, "సీఈసీ తీసుకున్నాడు కదండీ, ఇంకేం చేస్తాడు" అని ఒక నిట్టూర్పు. ఎంపీసీలో సీటు రానివాడికి సీఈసీ, సీఈసీ వాడికి దుకాణం, అదీ నడవకపోతే గల్ఫ్ వీసా. పదహారేళ్ల పిల్లవాడి బతుకును ఇలా మెట్టు మెట్టుగా దించుకుంటూ మాట్లాడటం దయచేసి మానేయండి.

నా జవాబు ఎప్పుడూ ఒకటే. ఆన్‌లైన్‌లో అమ్మకం చేయిస్తామనే కోర్సుకు డబ్బు కట్టొద్దు. సరుకు ఎంతకు పడిందో లెక్కగట్టడం నేర్పించండి. లెక్కలు రాయడం గుమాస్తా పని అనే చిన్నచూపు మనవాళ్లలో బలంగా ఉంది. విచిత్రం ఏమిటంటే, కొబ్బరికాయ దింపు కూలి ఎంత, వలుపు కూలి ఎంత, అంబాజీపేట మార్కెట్‌కు చేర్చడానికి బండి కిరాయి ఎంత అని నోటితో చెప్పేయగల తండ్రే కొడుకు ఆన్‌లైన్ వ్యాపారం దగ్గరికొచ్చేసరికి "నెలకు ఎంత అమ్మావురా?" అని మాత్రమే అడుగుతాడు.

ఆ ప్రశ్న మీదే కోచింగ్ వ్యాపారం నడుస్తోంది. మొదట 99 రూపాయల వెబినార్. అందులో ఫోన్ తెర మీద ఒక స్క్రీన్‌షాట్, ఒక్క నెలలో ఇన్ని లక్షల అమ్మకాలని. ఆ తర్వాత పాతికవేలో యాభైవేలో కడితే "మెంటార్‌షిప్". అమ్మకం లాభం కాదు. ఆ తెర మీద సరుకు కొన్న ధర, కొరియర్ ఖర్చు, తిరిగొచ్చిన పార్సిళ్లు కనిపించవు. అలాంటి చోట చేరేముందు మీ అబ్బాయిచేత ఒక్క మాట అడిగించండి: "ఆ నెల సెటిల్‌మెంట్ రిపోర్టు, రిటర్న్‌ల పట్టిక చూపిస్తారా సార్?" చూపించకపోతే లేచి వచ్చేయొచ్చు. అకౌంటు తెరవడం, ఫొటోలు పెట్టడం లాంటివి అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లు తమ అమ్మకందారులకు ఉచితంగానే నేర్పుతున్నాయి. మీషో 2021 నుంచి కమీషనే లేదంటోంది. కమీషన్ లేనంత మాత్రాన ఖర్చు లేదని కాదు.

మనకు తెలిసిన సరుకుతోనే చూద్దాం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆన్‌లైన్‌లో పెడతామనే కుర్రాళ్లు పెరిగారు. లెక్క కోసం అంకెలు అనుకుందాం. పెట్టె ధర 250. సరుకు 120, ప్యాకింగ్ 15, కొరియర్ 60, అమెజాన్ లాంటి వేదిక తీసుకునేది 15. పోను మిగిలేది 40. వంద పెట్టెలకు నాలుగు వేలు అని కుర్రవాడు ఇంట్లో చెప్పేస్తాడు. క్యాష్ ఆన్ డెలివరీలో పది పెట్టెలు తిరిగొచ్చాయనుకోండి. తినే వస్తువు, దారిలో నలిగి వచ్చింది, మళ్లీ అమ్మలేం. ఒక్కో పెట్టె మీద సరుకు, ప్యాకింగ్, రానుపోను కొరియర్ కలిపి 255 పోయాయి. పదింటికి 2,550. అమ్ముడైన తొంభై మీద మిగిలిన 3,600 లోంచి అవి తీసేస్తే చేతికొచ్చేది 1,050. ఈ లెక్క వేయడానికి ఏ మెంటారూ అక్కర్లేదు, తొమ్మిదో తరగతి లెక్కలు చాలు.

ఇక్కడే రెండో తప్పు మొదలవుతుంది. ఒకసారి దెబ్బ తిన్న కుర్రవాడు ఈసారి ప్రతిదీ రాస్తానని ఎక్సెల్‌లో నలభై గడులు తెరుస్తాడు. పెట్టెకు ఎన్ని అంగుళాల టేపు, స్టిక్కర్‌లో ఇంకు ఎంత, ఫోన్ రీఛార్జిలో ఏ ఆర్డరు వాటా ఎంత. పది రోజులు రాస్తాడు, పదకొండో రోజు విసుగొచ్చి మొత్తం మానేస్తాడు. ఖర్చుల లెక్కలో అసలు నేర్పు, దేన్ని విడిగా రాయాలో దేన్ని మొత్తంగా కలిపేయాలో తెలియడం. నేను పిల్లలకు చెప్పే గీటురాయి ఒకటే: ఆ అంకె తెలిస్తే నువ్వు ధర మారుస్తావా, సరుకు మారుస్తావా, పెట్టె మారుస్తావా? ఏదీ మార్చనప్పుడు రాయకు. టేపు, స్టిక్కర్లు, కరెంటు నెలకొకసారి కూడి ఆర్డర్ల సంఖ్యతో భాగించేస్తే సరిపోతుంది. నెయ్యి అలా కాదు. పంచదార రేకులకు, బెల్లం రేకులకు, డ్రైఫ్రూట్ రేకులకు పడే సరుకు వేరు, ధర వేరు. వాటికి మూడు లెక్కలు ఉండాల్సిందే. లేకపోతే డ్రైఫ్రూట్ రేకుల మీద పోయేది పంచదార రేకులు మోస్తుంటాయి, ఆ సంగతి ఎవరికీ తెలియదు.

సరుకును బట్టి లోతు మారుతుంది. బండారులంక చీరలు అమ్మేవాళ్లు ప్రతి చీరకూ విడిగా కొన్న ధర రాసుకోవాలి, ఎందుకంటే ఏ రెండూ ఒక ధరకు రావు. ఆవకాయ వేసవిలో ఒకసారి పెట్టి ఏడాదంతా అమ్ముతాం కనుక జాడీకి కాకుండా ఆ విడత మొత్తానికి లెక్క కట్టాలి. కాయ, కారం, నూనె, పాడైనదాని తరుగు అన్నీ కలిపి, చివరికి అమ్మకానికి పనికొచ్చిన కిలోలతో భాగించాలి. కొబ్బరి పీచు తాళ్లు, కుండీల్లాంటివి నెలకో రేటు మీద వస్తాయి. వాటికి సగటు ధర చాలు.

పీచు కుండీల్లో మాత్రం ఒకచోట సూక్ష్మంగా చూడాలి. చాలా కొరియర్ సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, అసలు బరువుకన్నా అది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. అన్ని వైపులా 20 సెంటీమీటర్లున్న పెట్టెలో కుండీ పెడితే, లోపలున్నది పావుకిలో కూడా తూగకపోయినా, లెక్కకు 1.6 కిలోలు. అదే నాలుగు కుండీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి అదే పొడవు, వెడల్పుతో 28 సెంటీమీటర్ల ఎత్తు పెట్టెలో పెడితే 2.24 కిలోలు, అంటే కుండీకి 560 గ్రాములు. విడిగా అమ్మడం మానేసి నాలుగేసి కట్టగా అమ్మాలనే నిర్ణయం ఆ ఒక్క కొలత చెబుతుంది. నలభై గడుల ఎక్సెల్ చెప్పదు.

పెద్ద కంపెనీలూ ఈ తిప్పలు పడ్డాయి. 1980ల చివర్లో రాబిన్ కూపర్, రాబర్ట్ కాప్లాన్ ఖర్చును ఏ పని వల్ల పుట్టిందో ఆ పనికే అంటగట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. మంచి పద్ధతే కానీ ఆ వివరాలు సేకరించడానికే బోలెడు ఖర్చు, సమయం పట్టి చాలాచోట్ల మూలన పడింది. 2004లో కాప్లానే స్టీవెన్ ఆండర్సన్‌తో కలిసి దాన్ని తేలిక చేశాడు: ఒక నిమిషం పనికి ఎంత ఖర్చు, ఈ పనికి ఎన్ని నిమిషాలు, ఈ రెండే చూడమన్నాడు. మన ఇళ్లలో దీని అవసరం ఎంతో ఉంది. అమ్మ రాత్రి పది దాకా కూర్చుని పెట్టెలు కడుతుంది, ఆ శ్రమకు లెక్కలో సున్నా. రోజుకు ఎనిమిది గంటలకు 400 కూలి అనుకుంటే నిమిషానికి 83 పైసలు. పెట్టెకు ఆరు నిమిషాలైతే అయిదు రూపాయలు. ఆ అయిదు వేస్తే నష్టంలో పడే వ్యాపారం అమ్మ ఒంటి మీద నడుస్తున్నట్టు.

పన్నుల దగ్గరా పిల్లలు తికమకపడతారు. వేదిక జీఎస్టీ కింద అర శాతం టీసీఎస్ (అమ్మకం దగ్గరే పట్టుకునే పన్ను) పట్టుకుంటే దాన్ని ఖర్చులో రాసేస్తారు. అది ఖర్చు కాదు, జీఎస్టీ రిటర్న్ వేశాక మన ఖాతాకు జమయ్యే సొమ్ము. వేదికల ద్వారా రాష్ట్రం దాటి సరుకు అమ్మేవాళ్లకు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. రాష్ట్రం లోపలే అమ్మే చిన్నవాళ్లకు 2023 అక్టోబరు 1 నుంచి సడలింపు ఉంది.

ఈ పని నచ్చిన పిల్లలకు దారి చిన్నదేమీ కాదు. 1959 నాటి చట్టం కింద నడిచే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కాస్ట్ అకౌంటెంట్స్ ఇచ్చే సీఎంఏకు ఇంటర్ పాసైతే ఫౌండేషన్, డిగ్రీ ఉంటే నేరుగా ఇంటర్మీడియట్, ఆపైన ఫైనల్. నాకు ఇష్టమైన దారి అమలాపురంలోనో రాజోలులోనో బీకాం చదువుతూ, ఊళ్లో ఏదో ఒక పచ్చళ్ల యూనిట్ దగ్గరో పీచు యూనిట్ దగ్గరో సాయంత్రాలు కూర్చుని వాళ్ల లెక్క కడుతూ, ఫౌండేషన్ సొంతంగా చదవడం. పాఠ్యపుస్తకాలు ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పదో తరగతి అవ్వగానే విజయవాడ హాస్టల్లో పడేసి సీఏ, సీఎంఏ రెండూ ఒకేసారి ఊదరగొట్టించే ప్యాకేజీలంటే నాకు ఒళ్లు మంట. ఈ రెండు పరీక్షలూ ఒక్కో గ్రూపు ఆగి ఆగి పాసయ్యేవాళ్లే ఎక్కువ. మొదటిసారి తప్పితే ఇంట్లో మాట పడుతుందేమోనని భయపడే పిల్లవాడు లెక్క కట్టడు, కంఠతా పడతాడు.

సీఎంఏ పరీక్షలు ఏటా జూన్‌లో, డిసెంబరులో జరుగుతాయి. డిసెంబరులో ఫౌండేషన్ రాయాలంటే జూలై 31లోగా రిజిస్టర్ కావాలి. ఫీజు కట్టేలోపు మీ ఇంటి చుట్టుపక్కల అమ్ముడయ్యే ఏదో ఒక వస్తువుకు పిల్లవాడిచేత పూర్తి లెక్క కట్టించి చూడండి. వాడికి అందులో ఆసక్తి కనిపించకపోతే ఆ డబ్బు దాచి, వాడికి ఏం ఇష్టమో అడగండి.