సరమ అడిగిన న్యాయం

నన్నయ భట్టారకుని ఆంధ్ర మహాభారతంలో, ఆదిపర్వ ప్రారంభంలోనే, ఒక తల్లి ఆవేదన వినిపిస్తుంది. ఆమె దేవశునకమైన సరమ. ఆమె కుమారుడు సారమేయుడు జనమేజయుని యజ్ఞశాల వద్ద ఆడుకుంటుండగా రాజు తమ్ములు నిష్కారణంగా కొట్టారు. సరమ రాజసన్నిధికి వచ్చి, మంచిచెడ్డలు విచారింపక దీనులకు కీడు చేసేవారికి అనుకోని భయాలు కలుగుతాయని హెచ్చరించింది. చక్రవర్తి కలతపడ్డాడు.

సరమ అడిగిన న్యాయం నేటికీ మిగిలే ఉన్నది. మెదక్ జిల్లాలో 44వ జాతీయ రహదారి మీద ఉన్న రామాయంపేట వంటి పట్టణాలలో ఇంటి కాపలాకు కుక్కను పెంచడం పరిపాటి. అది ఈనినప్పుడు ఒకటి రెండు కూనలను ఇరుగుపొరుగువారు తీసుకొనిపోతారు. ఎవరూ కోరనివాటిని, ముఖ్యంగా ఆడకూనలను, సంచిలో వేసి ఊరి చివర విడిచిపెట్టేవారున్నారు. వాటిలో కొన్ని వాహనాల కింద నలుగుతాయి. బతికినవి వీధికుక్కలై మరల ఈనుతాయి.

ఈ అనర్థానికి అజ్ఞానం ఒక ప్రధాన కారణం. ఆడకుక్క సాధారణంగా 6 నుండి 12 నెలల మధ్య తొలిసారి ఎదకు వస్తుంది. ఆపై చాలావరకు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఎదకాలం సుమారు మూడు వారాలు. తొలి రోజులలో రక్తస్రావం కనిపిస్తుంది. అప్పుడది మగకుక్కను దరిచేరనీయదు. స్రావం పలచబడగానే గండం గడిచిందని యజమాని గొలుసు విప్పుతాడు. నిజానికి గర్భధారణకు అనువైన సమయం అదే. గర్భం దాదాపు 63 రోజులు. కూనలు కళ్లు, చెవులు మూసుకొని పుడతాయి. తమ ఒంటి వేడిని తామే నిలుపుకోలేవు. సుమారు రెండు వారాలకు కళ్లు తెరుస్తాయి. అంతవరకు తల్లి ఒడే వాటికి లోకం.

ఒక్క ఈతైనా ఈనకపోతే కుక్క ఆరోగ్యం చెడుతుందన్న నమ్మకానికి శాస్త్రాధారం లేదు. పశువైద్యుడు చేసే సంతాన నిరోధక శస్త్రచికిత్స గర్భసంచిలో చీముపట్టే ప్రమాదకర వ్యాధిని నివారిస్తుంది. తగిన వయస్సులో చేయిస్తే పాలగ్రంథుల కణుతుల ముప్పును కూడా తగ్గిస్తుంది.

కూనల విక్రయం కోసం కుక్కలను పెంచేవారికి 2017 నాటి కేంద్ర నియమాలు హద్దులు విధించాయి. వారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలి. 18 నెలలు నిండని ఆడకుక్కను దాటించరాదు. జీవితకాలంలో ఐదు ఈతలకు మించరాదు. ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మరాదు. ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం ఎవరు చేసినా నేరమే.

కనుక కుక్కను ఇంటికి తెచ్చుకొన్ననాడే దాని సంతానం బాధ్యత కూడా యజమానిది అవుతుంది. పుట్టబోయే ప్రతి కూనకూ ఒక ఇల్లు చూపగలిగినవాడే దానిని ఈననీయాలి. చూపలేనివాడు ముందే పశువైద్యశాలకు తీసుకొనిపోవాలి. అట్టి ఇంటి గడప ముందు నిలిచి న్యాయం అడగవలసిన అవసరం ఏ సరమకూ రాదు.

అర్థాలు: కూన – జంతువు పిల్ల, ఈత – ఈనుట, కాన్పు, గండం – ఆపద.

ప్రశ్నలు:
1. సరమ వృత్తాంతాన్ని నేటి కుక్కల యజమానులకు అన్వయించి రాయండి.
2. ఎదకాలం విషయంలో యజమానులు పొరబడేది ఎక్కడ? వివరించండి.